నెలనెలా షుగరు చూపించుకోవడానికి ఏది మేలు: ఫోనా, ఊళ్ళో క్లినిక్కా, కాకినాడ బస్సా?

కోనసీమ లంకల్లో షుగరు, బీపీ ఉన్నవాళ్ళకి ఇప్పుడు మూడు దారులు. ఇంట్లోంచే ఫోన్లో డాక్టరుతో మాట్లాడొచ్చు, ఊళ్ళో ఆరోగ్య కేంద్రానికెళ్ళి తెర మీద, అంటే వీడియోలో, డాక్టరుకి చూపించుకోవచ్చు, లేదా తెల్లారగట్లే బస్సెక్కి కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) ఓపీలో లైను కట్టొచ్చు.

మామూలు నెలల్లో నా ఓటు ఊళ్ళో తెరకే. 2019లో మొదలైన ఈ-సంజీవనిలో, అంటే దూరాన ఉన్న డాక్టరుకి చూపించుకునే సర్కారు సేవలో, రోగి పక్కన ఆరోగ్య సిబ్బంది ఉంటారు, డాక్టరు అవతల ఉంటారు. చేతికి బీపీ పట్టీ చుట్టేదీ, వేలు గుచ్చి షుగరు చూసేదీ ఆ అమ్మాయే. ‘ఏదో తూలినట్టుంటందండి’ అని నసిగే పెద్దాయన్ని నాలుగు ప్రశ్నలడిగి, అసలు సంగతి డాక్టరుకి చేరవేసేదీ ఆమే. కేంద్రంలో మందు ఉంటే అక్కడే చేతిలో పెడతారు. లేకపోతే మాత్రం మళ్ళీ టౌనుకి పరుగే.

2020 ఏప్రిల్లో, లాక్‌డౌన్లో, ఇంటి నుంచే చూపించుకునే వీలొచ్చింది. ఛార్జీ మిగులుతుంది, కూలీ పోదు. కానీ పక్కన మనవడో మనవరాలో లేకపోతే ‘తెల్ల మాత్రండి, చిన్నది’ దగ్గరే మాట ఆగిపోతుంది. పైగా అదే ఏడాది మార్చిలో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అన్ని మందులూ ఫోన్లో రాయకూడదు. మత్తుమందుల చట్టం కిందకొచ్చేవి అసలే రాయకూడదు. ఆ కట్టడి మంచిదే.

కాళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఫోనూ తెరా రెండూ పక్కన పెట్టాల్సిందే. షుగరు ముదిరినవాళ్ళు ఊడ్పుల్లో రోజంతా బురదలో నిలబడితే వేళ్ళ సందున ఒరుస్తుంది, స్పర్శ తగ్గి నొప్పి తెలీదు. అరికాలికి సన్నటి నైలాను పోగు ఆనించి తెలుస్తోందో లేదో చూడాలి. పాదం మీద నాడి పట్టుకోవాలి. పుండు లోతెంతో చూడాలి. కెమెరాకి వాసన తెలీదు కదండీ! దానికి బస్సు ఖర్చు చూసుకోకండి.

పాము కాటు, గుండెనొప్పి, మూతి వంకరపోవడం లాంటివాటికి ఫోను 108కి కొట్టడానికే.

వరదొచ్చి కాజ్‌వే మునిగితే బస్సు మాటే ఉండదు. ఫోను ఆదుకోవాల్సింది అప్పుడే, సిగ్నలూ కరెంటూ పోయేదీ అప్పుడే. అందుకే గోదావరి పొంగకముందే నెల మాత్రలు ఇంట్లో ఉండాలి. ఇంకోటి, తెర మీద ప్రతిసారీ అదే డాక్టరు దొరకరు. పాత చీటీలన్నీ ఒక కవర్లో పెట్టి పట్టుకెళ్ళండి.