పాంగాంగా, త్సో మొరీరీనా? తేల్చేది ఆ ఒక్క రాత్రే

పోయిన జూన్ చివర్లో లద్దాఖ్ పోయొచ్చినప్పటి నుంచి హనుమకొండలో ఎవరు కలిసినా ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ఒక్క సరస్సు చూసే టైమే ఉంటే ఏది చూడాలె?" ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ రాసి పెడుతున్నా. పాంగాంగ్ నాలుగేళ్ల కింద చూశాను, త్సో మొరీరీ ఈమధ్యే. కాజీపేటలో రైలెక్కి ఢిల్లీ, అక్కడి నుంచి లేహ్‌కి విమానం, ఇవన్నీ మీకు తెలిసినవే.

మన బుర్రలో ఉన్న చెరువు లెక్క ముందు పక్కన పెట్టాలి. మనకు చెరువంటే పాఖాల. పొద్దున పులిహోర కట్టుకుని పోయి, కట్ట మీద కూర్చుని తిని, పొద్దుగూకేలోపు ఇల్లు చేరతాం. పైగా అక్కడ గాలికి లోటు లేదు. వరంగల్ సముద్రమట్టానికి 300 మీటర్ల ఎత్తు కూడా ఉండదు. లేహ్ 3,500 మీటర్లు. పాంగాంగ్ 4,200 పైచిలుకు, త్సో మొరీరీ 4,500 పైన. అక్కడ పీల్చే గాలిలో మనకు అందే ఆక్సిజన్ ఇక్కడితో పోలిస్తే 60 శాతం లెక్క. నీళ్లు కూడా 85 డిగ్రీలకే మరిగిపోతాయి కాబట్టి కుక్కర్ లేకుండా అన్నం ఉడకదు. మేం వండుకున్నది పలుకుపలుకుగానే మిగిలింది, మామిడికాయ తొక్కు కలుపుకుని ఎట్లనో మింగాం.

అందం సంగతికొస్తే పాంగాంగ్‌ను తీసిపారేయలేం. దాదాపు 134 కిలోమీటర్ల పొడవు, అందులో మూడో వంతే మన వైపు ఉంది, మిగతాది చైనా చేతిలో. ఉప్పు నీళ్లు. పదింటికి నీలం, మబ్బు కమ్మితే బూడిద, మళ్లీ ఎండొస్తే ఆకుపచ్చ. 2009లో వచ్చిన ఓ హిందీ సినిమా చివరి సీను ఇక్కడే తీశారు. అప్పటి నుంచి జనమే జనం. ఒడ్డున ఆ సినిమాలోలాంటి పసుపు స్కూటర్ పెట్టుకుని, దాని మీద కూర్చుని ఫొటో దిగడానికి డబ్బులు తీసుకునేవాళ్లు కూడా ఉన్నారు. దీని అసలు బలం వేరే ఉంది. తెల్లారకముందే లేహ్‌లో బయల్దేరితే ఐదు గంటల్లో చేరి, రెండు గంటలు ఉండి, చీకటి పడేసరికి వెనక్కి రావచ్చు. పాఖాల పోయొచ్చినట్టే.

త్సో మొరీరీకి అట్లా కుదరదు. ఒక్క వైపుకే ఆరేడు గంటలు. ఒడ్డునున్న కోర్జోక్ ఊళ్లో రాత్రి పడుకోక తప్పదు. నా దృష్టిలో ఈ రెండిటి మధ్య తేడా తేల్చేది ఆ రాత్రే.

కొండ వైద్యం తెలిసినవాళ్లు చెప్పే లెక్క ప్రకారం 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటును రోజుకు 500 మీటర్ల కంటే పైకి జరపకూడదు. లేహ్ నుంచి కోర్జోక్ అంటే ఒకేసారి వెయ్యి. అందుకే ఒళ్లు ఆ ఎత్తుకు అలవాటు పడేదాకా లేహ్‌లో కనీసం రెండు రాత్రులు ఊరికే కూర్చోవాలి. వీలైతే మధ్యలో చుమథాంగ్ వేడినీటి బుగ్గల దగ్గర ఇంకో రాత్రి ఆగాలి. మేం లేహ్‌లో రెండు రాత్రులున్నాం కానీ చుమథాంగ్‌లో ఆగలేదు. పైగా కోర్జోక్‌లో దిగీ దిగగానే గొంపా (బౌద్ధ మఠం) మెట్లు పరుగున ఎక్కాం. రాత్రి పదకొండింటికి బామ్మర్ది లేచి కూర్చున్నాడు.

"బావా, తలకాయ పగిలిపోతున్నది."

డ్రైవర్‌ను లేపాం. లేహ్ దగ్గరి మనిషే, కంగారు పడలేదు. గంట చూద్దాం, వాంతి అయినా, నడక తూలినా అప్పటికప్పుడే కిందికి దిగుదాం అన్నాడు. ఒంటిగంటకు నెప్పి తగ్గింది. నాకు మాత్రం తెల్లారిందాకా టెన్షనే.

ఆ గంటలో డ్రైవర్ చెప్పిన ఒక మాట విన్నాక నా లెక్కే మారిపోయింది. పాంగాంగ్ ఒడ్డున డేరాలో పడుకున్నప్పుడు ఎవరికైనా ఇట్లా అయితే, లేహ్ దిగాలంటే ముందు చాంగ్ లా అనే కనుమ ఎక్కాలి. అది 5,300 మీటర్ల పైన. ఊపిరాడని మనిషిని ఇంకో వెయ్యి మీటర్లు పైకి మోసుకుపోవాలన్న మాట. కోర్జోక్ నుంచైతే ఒక చిన్న కనుమ దాటితే ఆ తర్వాత దిగుడే. మాహే దగ్గర సింధు నది తగులుతుంది, దాని వెంబడే చుమథాంగ్ దాకా వస్తే 4,000 మీటర్లకు దిగినట్టే. పెద్దాసుపత్రి మాత్రం ఎక్కణ్ణుంచైనా లేహ్‌లోనే. కాబట్టి పాంగాంగ్ చూసేవాళ్లు పగలే చూసి వచ్చేయండి. రాత్రి పడుకునేటట్టయితే త్సో మొరీరీకే నా ఓటు.

రాత్రి ఉన్నందుకు దక్కేది కూడా తక్కువేం కాదు. పొద్దున ఐదింటికి ఊరి కింద తడినేల దగ్గర నిలబడ్డాం. బార్ హెడెడ్ గూస్ అనే పెద్ద బాతుల జంట ఒకటి పిల్లల్ని వెంటేసుకుని నీళ్లలోకి దిగుతోంది. తల వెనక రెండు నల్ల చారలు గీసినట్టుంటాయి. చలికాలం మన మంజీరకు వచ్చేది ఈ జాతే! దూరంగా, డ్రైవర్ బైనాక్యులర్‌లో, నల్లమెడ కొంగలు రెండు. ఒళ్లు బూడిద తెలుపు, మెడ కాటుక నలుపు, నడినెత్తిన ఎర్రటి మచ్చ. మన దేశంలో ఇవి గూడు కట్టేది లద్దాఖ్ చిత్తడి నేలల్లోనే. పెట్టేది రెండు గుడ్లు. పొదిగిన పిల్లల్ని ఊరకుక్కలు తినేస్తున్నాయి. టూరిస్టులు, డేరాలవాళ్లు పడేసే తిండితో ఆ కుక్కలు పెరుగుతున్నాయి. బామ్మర్ది ఓ కుక్కకు బిస్కెట్ వేయబోతే డ్రైవర్ చెయ్యి పట్టుకుని ఆపాడు. ఈ సరస్సును 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. ఒడ్డు దాకా బండి దించకండి, గూళ్ల దగ్గరికి పోయి ఫొటోలు తీయకండి. దారిలో కియాంగ్‌లు కనబడతాయి. అడవి గాడిద అంటారే కానీ చూస్తే గుర్రంలాగే ఉంటుంది.

ఇంట్లో అరవై దాటినవాళ్లు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు వెంట వస్తుంటే నేనైతే త్సో మొరీరీ పేరెత్తను. డాక్టర్ సరేనంటే పాంగాంగ్ పగటి ప్రయాణం, కాదంటే లేహ్‌లోనే సింధు ఒడ్డు. పసిపిల్లలున్నా అంతే.

లద్దాఖ్‌లోనే ఉన్న త్సో కార్ గురించి ఇద్దరు అడిగారు. 2020లో అదీ రామ్‌సర్‌లో చేరింది. ఉప్పు సరస్సు ఒకటి, మంచినీళ్లది ఒకటి పక్కపక్కనే ఉంటాయి. కొంగల కోసమైతే బాగుంటుంది, త్సో మొరీరీ నుంచి వచ్చేటప్పుడు పూట ఆగితే చాలు. స్పితిలోని చంద్రతాల్, సిక్కింలోని గురుదోంగ్‌మార్ వేరే ట్రిప్పులు, వీటితో కలపొద్దు.

బామ్మర్ది మాత్రం వచ్చే ఏడు పిల్లలు కాస్త పెద్దయ్యాక పాంగాంగ్‌కే అంటున్నాడు. వాళ్లకు ఆ పసుపు స్కూటర్ ఎక్కాలని ఉందట.