హన్మకొండ రోడ్ల మీద పెద్ద వీ-ట్విన్: అయిదేళ్ల ముచ్చట

"ఎంతిస్తదే అన్నా?" సుబేదారి సిగ్నల్ దగ్గర పక్క బండాయన అడిగే మొదటి మాట ఇదే. "పద్దెనిమిది" అంటే జాలిగా చూస్తాడు. నాది వీ-ట్విన్ బైక్, అంటే రెండు సిలిండర్లు V ఆకారంలో ఉండే ఇంజను. దీని మీద అయిదేళ్లలో 31 వేల కిలోమీటర్లు తిరిగాను, మైలేజీ గురించి టెన్షన్ ఎప్పుడో పోయింది. నా బాధంతా వేడితోనే.

1,700 సీసీ దాటిన ఇంజను. ముందు సిలిండర్‌కు గాలి తగులుతుంది. వెనకది దాని చాటున, సరిగ్గా మన తొడ కింద ఉంటుంది. మే నెలలో చౌరస్తా నుంచి కాజీపేట దాకా ట్రాఫిక్‌లో పోతే కుడి తొడ పెనం మీద పెట్టినట్టే. ఎండాకాలం పొద్దున తొమ్మిది దాటిందంటే ఇంట్లో స్కూటీయే తీస్తా.

శబ్దం సంగతి వేరు. సిలిండర్ల మధ్య 45 డిగ్రీలు, పిస్టన్లు రెండూ ఒకే క్రాంక్‌పిన్‌కు, అంటే అవి తిప్పే ఇరుసు మీది పిన్నుకు, కట్టి ఉంటాయి. అందుకని సిలిండర్లలో ఇంధనం పేలుళ్లు సమానంగా పడవు: ఒకటి పడ్డాక ఇరుసు 315 డిగ్రీలు తిరిగితే ఇంకోటి, ఆ తర్వాతది 405 తిరిగితే. ఆ కుంటి నడకే చెవికి ఇంపు. మా వీధి పిల్లలు దీన్ని 'బుల్లెట్' అనే పిలుస్తారు, సరిదిద్దడం మానేశా.

హైదరాబాద్ హైవే ఎక్కితే మాత్రం ఇది ఇంకో బండి. ఆరో గేర్‌లో వంద మీద పోతున్నా ఇంజను నిమిషానికి రెండు వేల చిల్లర చుట్లు (ఆర్‌పీఎం) దాటదు. లారీని దాటడానికి గేర్ తగ్గించే పని లేదు, చెయ్యి కొంచెం తిప్పితే చాలు. ములుగు దాటి రామప్ప వైపు మలుపుల్లో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి, బండి కాస్త వాలగానే కాలు పెట్టే ఫుట్‌పెగ్ రోడ్డును గీరుతుంది. ఊళ్లలో స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు భాగం కూడా అంతే.

చైన్ బదులు బెల్టు కాబట్టి నూనె పూసే గోల లేదు, ఇప్పటికీ మొదటి బెల్టే. సర్వీసుకు హైదరాబాద్ పోవాల్సిందే. ఒకసారి క్లచ్ లివర్ కోసం మూడు వారాలు ఆపారు. ఇంజను దారిలో ఎన్నడూ మొండికేయలేదు, బ్యాటరీ మాత్రం రెండుసార్లు.

బరువు మూడు వందల కిలోల పైనే, రివర్స్ గేర్ లేదు. జనగామ దగ్గర ఒక హోటల్లో పల్లానికి ముక్కు పెట్టి ఆపా. వెనక్కి లాగడానికి ముగ్గురు లారీ డ్రైవర్లు వచ్చారు. "దీనికన్నా బర్రె నయం, అదిలిస్తే లేస్తది" అన్నాడొకాయన. అప్పటి నుంచి ముక్కు రోడ్డు వైపు తిప్పి పెట్టాకే చాయ్ చెప్తున్నా.