భయం కథల నెల: పోతో మొదలుపెట్టాలా, మొపాసాతోనా?

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్ళలో చాలామంది బడి చదువు ఒడియాలోనే సాగింది. తెలుగు కథ వింటే పూర్తిగా పట్టుబడుతుంది, అక్షరాల దగ్గరే వేగం తగ్గుతుంది. అందుకే నెలకి నాలుగు కథలని పందెం వేసుకుంటే, ఒకరు పైకి చదవడం, మిగతావాళ్ళు వినడం మేలు.

అలా చదవడానికి అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో బాగా కుదురుతాడు. 1843 నాటి ‘ద టెల్-టేల్ హార్ట్’ ఇరవై నిమిషాల పని. లాంతరు సందులోంచి సన్నటి వెలుగు ముసలాయన రాబందు లాంటి కన్ను మీద పడుతుంది. ఏడు రాత్రులు ఆ కన్ను మూసే ఉంటుంది, ఎనిమిదో రాత్రి తెరుచుకుంటుంది. మాటలు పదేపదే వస్తాయి. తెలుగు చేసేటప్పుడు ఆ పునరుక్తి తీసేశారో, కథలో గుండె చప్పుడే ఆగిపోతుంది. 1839 నాటి ‘ద ఫాల్ ఆఫ్ ద హౌస్ ఆఫ్ అషర్’ కథతో మాత్రం మొదలుపెట్టకండి, ఆ పొడుగు వర్ణనల్లో వినేవాళ్ళు జారిపోతారు.

ఫ్రెంచి రచయిత మొపాసా కథల్లో భయం నెమ్మదిగా ఇంట్లోకి వస్తుంది. ‘హోర్లా’లో రాత్రి పెట్టిన నీళ్ళు తెల్లారేసరికి ఉండవు. కథ చెప్పేవాడు సీసాకి తెల్లగుడ్డ చుట్టి, తన చేతులకీ పెదాలకీ పెన్సిలు నలుపు పూసుకుని పడుకుంటాడు. పొద్దున గుడ్డ మీద మరక లేదు, నీళ్ళూ లేవు! 1887 పాఠమే తీసుకోండి. అది డైరీ కనక తేదీల చొప్పున నాలుగు రోజులకి పంచుకోవచ్చు. 1886 పాఠం వేరు. పాత ఇంగ్లీషు సంపుటాల్లో మొపాసా రాయనివీ కలిశాయి, కథ ఫ్రెంచి పేరు సరిచూసుకోండి.

కొత్త గుంపైతే మూడు వారాలు పో కథలు, నాలుగో వారం హోర్లా.