కెరాటిన్ పేరుతో ఏళ్లుగా వాడినవి: జుట్టుకి, గోళ్లకి, మడమలకి ఏది పనికొచ్చింది

పార్లర్‌లో చేసే కెరాటిన్ ట్రీట్‌మెంట్, ఇంట్లో వాడే షాంపూ, హెయిర్ మాస్క్, గోళ్లకి పూసే హార్డెనర్, ఆఖరికి మింగే మాత్రలు. మన జుట్టు, గోళ్లు, చర్మం పై పొర ఎక్కువగా కెరాటిన్ అనే ప్రోటీన్‌తోనే తయారవుతాయి. ఆ పేరు రాసి ఉన్నవి చాలానే, ఒక్కోటీ నెలల తరబడి వాడాను. వాటిలో చాలా వరకు మానేశాను. మానకుండా ఇప్పటికీ వాడుతున్నది మాత్రం డబ్బా మీద కెరాటిన్ అన్న మాటే లేని ఒక యూరియా క్రీము. బ్రాండ్ల పేర్లు రాయడం లేదు. ఒకే సరుకు పది పేర్లతో దొరుకుతోంది కాబట్టి లోపల ఏముంది, అది ఏం చేస్తుంది అన్నదే చెబుతాను.

నా సంగతి తెలిస్తే మీకు పోల్చుకోవడానికి వీలుగా ఉంటుంది. జుట్టు ఒత్తుగా, అలలు తిరిగి, గాలిలో కాస్త తేమ పెరిగితే చాలు రేగిపోయే రకం. రంగు వేయించడం వల్ల చివర్లు గరుకు. గోళ్లు అంచుల్లో పొరలు పొరలుగా లేచిపోతాయి. మడమలకి కాలంతో పని లేదు, ఎప్పుడూ పగుళ్లే.

ముందు పార్లర్ ట్రీట్‌మెంట్. తల గట్టిగా రుద్ది కడుగుతారు, పాయ పాయకీ క్రీము పట్టిస్తారు, ఆరబెట్టి, 200 డిగ్రీలు దాటిన వేడితో ఇస్త్రీ చేసినట్టు ఒక్కో పాయనీ మళ్లీ మళ్లీ లాగుతారు. ఆ పొగకి కళ్లు మండి నీళ్లు కారతాయి. ఇంటికొచ్చాక అద్దంలో చూసుకుంటే మాత్రం ఆ మంటంతా మర్చిపోతాం. అంత బాగుంటుంది. మొదటి కొన్ని వారాలు వానలో తడిసినా జుట్టు మాట వినింది. పొద్దున్నే దువ్వుకోవడం నిమిషంలో అయిపోయేది.

ఇది ఎలా పనిచేస్తుందో చాలామంది పార్లర్ వాళ్లు తప్పుగా చెబుతారు. 'జుట్టులో పోయిన కెరాటిన్‌ని తిరిగి నింపుతున్నాం' అంటారు. వెంట్రుకలో ఎక్కువ భాగం కెరాటినే, నిజమే. పొడుగాటి ప్రోటీన్ గొలుసులు మెలికలు తిరిగి ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి. వాటిని పట్టి ఉంచేవాటిలో రెండు రకాల బంధాలు మనకి ముఖ్యం. ఒకటి హైడ్రోజన్ బంధాలు. ఇవి నీళ్లు తగిలితే విడిపోతాయి, ఆరితే మళ్లీ కలుస్తాయి. ఇంట్లో చేసుకున్న స్ట్రెయిటెనింగ్ ముసురు పట్టిన రోజున ఊడిపోవడానికి కారణం అదే. రెండోది గంధకం బంధాలు, ఇవి గట్టివి. జుట్టుకి ఉంగరాలు తిప్పే పర్మ్ చేసేటప్పుడు మందుతో వీటిని తెంచి, కొత్త ఆకారంలో మళ్లీ కలుపుతారు. కెరాటిన్ ట్రీట్‌మెంట్ దారి వేరు. క్రీములో ఉండే ఫార్మాల్డిహైడ్ లాంటి రసాయనం వేడికి గొలుసుల మధ్య కొత్త ముడులు వేసి, జుట్టుని తిన్నగా ఉన్న భంగిమలోనే బిగించేస్తుంది. అంటే పని చేసేది ఆ రసాయనమూ, ఇస్త్రీ వేడీ. పేరు మాత్రం కెరాటిన్‌కి.

జుట్టు నెలకి సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. కాబట్టి మూడో నెల వచ్చేసరికి కుదుళ్ల దగ్గర పాత అలలు, కింద ఇంకా తిన్నటి జుట్టు, మధ్యలో ఎటూ కాని గీత. దాన్ని చూసి మళ్లీ చేయించుకుంటాం. కింది భాగానికి ఇస్త్రీ మళ్లీ మళ్లీ పడుతుంది. కొంత కాలానికి నా జుట్టులో ఒక మార్పు కనిపించింది. ఒక వెంట్రుకని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే మధ్యలో అక్కడక్కడా సూది మొనంత తెల్లటి చుక్కలు. వేళ్లతో రెండు వైపులా పట్టి కాస్త లాగితే సరిగ్గా ఆ చుక్క దగ్గరే పుటుక్కుమని తెగేది. బయటి పొలుసుల పొర లేచిపోయి, లోపలి నార చీలిపోయిన చోటు అది. అలా చెడిన వెంట్రుకకి తనంతట తాను మానే దారి లేదు, ఎందుకంటే కుదురు దాటి బయటికొచ్చాక అందులో బతికున్న కణం ఒక్కటీ ఉండదు. కత్తిరించుకోవడమే.

ఫార్మాల్డిహైడ్ సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దాన్ని మనుషులకి క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. 'ఫార్మాల్డిహైడ్ ఫ్రీ' అని రాసి ఉన్నవాటిలో కూడా అది ఉన్నట్టు తేలిందని అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా 2011లో హెచ్చరించింది. లేబుల్ మీద మిథిలీన్ గ్లైకాల్ అని రాస్తారు. వేడి తగిలితే అందులోంచి వచ్చేది ఫార్మాల్డిహైడే. మనం ఎప్పుడో ఓసారి కూర్చుంటాం, ఆ పొగలో రోజంతా నిలబడి పనిచేసే వాళ్ల పరిస్థితి ఆలోచించండి. దాని బదులు గ్లయాక్సిలిక్ యాసిడ్ వాడే క్రీములు వచ్చాయి. వాటితోనూ ధైర్యంగా ఉండలేం. స్ట్రెయిటెనింగ్ చేయించుకున్న ప్రతిసారీ కిడ్నీలు దెబ్బతిన్న ఒక యువతి గురించి 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అదే క్రీముని ఎలుకలకి రాసి చూస్తే వాటి కిడ్నీల్లో ఆక్సలేట్ స్ఫటికాలు కనబడ్డాయి. నేను మానేయడానికి సగం కారణం తెల్ల చుక్కలు, సగం ఇది. అందానికి నిండు మార్కులు వేయొచ్చు, మొత్తం మీద 5కి 2.

షాంపూ, మాస్క్ వేరే కథ. వీటిలో ఉండేది హైడ్రొలైజ్డ్ కెరాటిన్. గొర్రె బొచ్చు, కోడి ఈకలు, కొమ్ములు, గిట్టల నుంచి తీసిన కెరాటిన్‌ని చిన్న చిన్న ముక్కలుగా తెంచి, నీళ్లలో కరిగేలా చేస్తారు. ఇందులో ఒక తేడా ఉంది. గొర్రె బొచ్చు కెరాటిన్ మన జుట్టులో ఉన్న ఆల్ఫా రకమే. స్ప్రింగు ఆకారంలో ఉండే దాని మెలికకి 1951లో అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ బృందం సరైన లెక్క కట్టింది. పక్షుల ఈకలు, ముక్కులు, పాముల పొలుసులు, తాబేలు చిప్ప మీది పలకలు ఎక్కువగా బీటా రకంతో తయారవుతాయి, అది వేరే కుటుంబం. ముక్కలు చేసి సీసాలో పోశాక ఈ తేడాకి పెద్ద విలువ లేదనుకోండి. కానీ 'ప్లాంట్ కెరాటిన్' అని రాసినవి చూస్తే నాకు నవ్వొస్తుంది. మొక్కల్లో కెరాటిన్ ఉండదు. గోధుమ, సోయా ప్రోటీన్‌కి ఆ పేరు తగిలిస్తున్నారంతే. జంతువుల నుంచి తీసినది వద్దనుకునేవాళ్లు అవి వాడుకోవచ్చు, తప్పు లేదు, పేరు మాత్రం అబద్ధం.

ఈ ముక్కలు జుట్టులో దెబ్బతిన్న చోట్లకి బాగా అంటుకుంటాయి, కడిగే కొద్దీ పోతాయి. నా తలలో ఇది స్పష్టంగా తెలిసింది. మాస్క్ పెట్టిన రోజు రంగు వేసిన చివర్లలో దువ్వెన ఆగకుండా దిగింది. కుదుళ్ల దగ్గర కొత్తగా వచ్చిన జుట్టులో మాత్రం ఏ తేడా లేదు, దానికి అవసరమూ లేదు. షాంపూలో ఉన్న కెరాటిన్ అయితే నిమిషంలో నీళ్లతో పాటే పోతుంది. మాస్క్, లేదంటే రాసి వదిలేసే సీరమ్, వీటికే డబ్బు పెట్టండి. అది కూడా ప్రతి తలస్నానానికీ వద్దు. నేను కొన్నాళ్లు అలా వాడితే జుట్టు బిరుసుగా మారి ఇంకా చిక్కులు పడింది. మధ్యలో మామూలు కండిషనర్ పెట్టడం మొదలుపెట్టాక సర్దుకుంది. కొనేటప్పుడు సీసా వెనక్కి తిప్పి చూడండి, అక్కడి జాబితాలో ఎక్కువ ఉన్నవి ముందు రాస్తారు. కెరాటిన్ పేరు సెంటు పేరు తర్వాత ఎక్కడో అడుగున ఉంటే, అది ముందు వైపు బొమ్మ కోసం వేసినదే. మెత్తదనం ఇచ్చేది పైన ఉన్న సిలికాన్, కండిషనర్ పదార్థాలు. మాస్క్‌కి 3.5, షాంపూకి 2.

మాత్రల గురించి ఎక్కువ చెప్పను. మామూలు కెరాటిన్ కడుపులో అరగదు. పిల్లులు ఒళ్లు నాక్కుని మింగిన వెంట్రుకల్ని ఉండలుగా కక్కేది అందుకే. మాత్రల్లో ఉండేది ముందే తెంచిన రకం కాబట్టి అరుగుతుంది, కానీ అరిగాక అది ఏ ప్రోటీన్ నుంచైనా వచ్చే అమైనో ఆమ్లాలే. వాటిని జుట్టుకే పంపమని శరీరానికి చెప్పే వీలు లేదు. నాకు ఏమీ తేడా కనబడలేదు. వీటిలో చాలావాటికి బయోటిన్ అనే విటమిన్ కూడా కలుపుతారు. అది కొన్ని రక్త పరీక్షల ఫలితాల్ని తారుమారు చేస్తుందని, గుండెపోటుని పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా అందులో ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. వాడుతుంటే ల్యాబ్ వాళ్లకి ముందే చెప్పండి. 5కి 1.

గోళ్ల హార్డెనర్ మొదటి రెండు వారాలు మాయ చేస్తుంది. గోరు గట్టిగా, టక్ టక్‌మని మోగుతుంది. తర్వాత పొరలు లేవడం పోయి, అడ్డంగా విరగడం మొదలైంది. గోరుకి గట్టిదనం ఒక్కటే సరిపోదు, కాస్త వంగే గుణం కూడా ఉండాలి. ఫార్మాల్డిహైడ్ ఉన్న హార్డెనర్ గొలుసుల్ని మరీ బిగించేసి ఆ గుణాన్ని తీసేస్తుంది. గోళ్లు పెళుసైతే క్యాల్షియం తక్కువని అందరూ అంటారు గానీ, గోరులో క్యాల్షియం బహు స్వల్పం. దాని బలం కెరాటిన్‌లోని గంధకం బంధాల నుంచే. నాకు నిజంగా పనికొచ్చినవి గిన్నెలు తోమేటప్పుడు గ్లౌజులు, చేతులు కడిగిన ప్రతిసారీ కాస్త క్రీము, గోళ్లని కురచగా ఉంచుకోవడం. గోరు నానడం, ఆరడం, మళ్లీ నానడం, పొరలు లేచేది దీనివల్లే. చేతి గోరు నెలకి 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది, మొత్తం మారడానికి ఆరు నెలలు పడుతుంది. కాలి బొటనవేలి గోరుకైతే ఏడాది దాటుతుంది. కాబట్టి నెల రోజులు వాడి రాసిన గోళ్ల రివ్యూలు నేను చదవను. హార్డెనర్‌కి 1.5.

ఇక యూరియా క్రీము. చర్మం అడుగు పొరలో పుట్టిన కణం పైకి జరుగుతూ, కెరాటిన్ నింపుకుంటూ, చదునై, చచ్చి, నాలుగు వారాలకి అటూ ఇటూగా పొట్టులా రాలిపోతుంది. ఈ కెరాటిన్ ఒకటే కాదు. అడుగున 5, 14 నంబర్ల కెరాటిన్లు, పైకి వస్తే 1, 10, అరచేతుల్లో, అరికాళ్లలో వీటికి తోడు 9. అడుగున ఉన్న 5, 14లలో ఒకదాని జన్యువులో లోపముంటే చర్మం చిన్న రాపిడికే బొబ్బలెక్కుతుంది. జుట్టు అందం కోసం మనం పేరు ఎత్తే ప్రోటీన్‌కి అసలు ఉద్యోగం అది, ఒంటి మీద తోలు ఊడిపోకుండా పట్టి ఉంచడం. మడమ మీద బరువు, రాపిడి పడే కొద్దీ శరీరం అక్కడ కెరాటిన్ పొరని మందం చేస్తుంది. మందంగా ఉన్నది ఎండితే వంగదు, అడుగేసినప్పుడల్లా సాగలేక పగులుతుంది.

యూరియా మన చర్మంలో సహజంగానే ఉంటుంది, నీటిని పట్టి ఉంచే పదార్థాల్లో అదొకటి. క్రీములో 10 శాతం దాకా ఉంటే ముఖ్యంగా తేమ పట్టి ఉంచుతుంది. 20 నుంచి 40 శాతం అయితే కెరాటిన్‌నే సడలించి మెత్తబరుస్తుంది. పుచ్చిపోయిన గోళ్లని మెత్తబరిచి తీయడానికి డాక్టర్లు 40 శాతం రకం వాడతారు. నేను 25 శాతంతో మొదలుపెట్టాను. రాత్రి గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు కాసేపు నానబెట్టి, తడి అద్ది, పగుళ్ల అంచుల మీద రాసి, నూలు సాక్స్ వేసుకుని పడుకునేదాన్ని. లోతుగా తెరుచుకున్న పగులులో పడితే భగ్గుమని మండుతుంది, కాబట్టి అది కాస్త పూడే దాకా అంచులకే రాయాలి. వారం తిరక్కుండానే పగులు అంచున గట్టిగా, పసుపు తిరిగిన తెలుపులో ఉండే గట్టు నానిపోయి, తువ్వాలుతో రుద్దితే ముద్దలా చుట్టుకుని వచ్చేసింది. కింద గులాబీ రంగు చర్మం. అంతకుముందు రాయితో ఎంత గీకినా ఇది జరగలేదు. పైగా గీకే కొద్దీ చర్మం ఇంకా మందమయ్యేది.

ఇప్పుడు 10 శాతం రకం, రోజు విడిచి రోజు. మానేస్తే మళ్లీ పగుళ్లు వస్తాయి, అది దీని లోపం కాదు, మడమ స్వభావం. లోపాలంటే ఇవి: కొన్ని క్రీముల్లో ఇసకలాంటి పలుకులు తగులుతాయి, జిడ్డు దుప్పటికి అంటుతుంది. ఎక్కువ శాతం ఉన్నది మొహానికి రాయకూడదు. షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టకూడదు. వేళ్ల సందుల్లో దురద, పొట్టు ఉంటే అది పొడిబారడం కాకపోవచ్చు. కెరాటిన్‌నే తిని బతికే బూజు జాతులున్నాయి, తామర తెచ్చేవి అవే, దానికి మందు వేరు. ఇవన్నీ పోగా 4.5.

రాసుకున్నాక సాక్స్ లేకుండా నున్నటి నేల మీద నడవకండి, కాలు జారుతుంది.