ఇల్లు రాసిచ్చేద్దామని వెళ్తే వీలునామా రాయించి పంపిన డాక్యుమెంట్ రైటర్ (నా రేటింగ్ 5కి 4)

పోయిన నెల అమ్మని తీసుకుని మా ఊళ్ళో రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా ఉండే డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి వెళ్ళా. అమ్మకి 74. ఇల్లు అమ్మ పేరు మీదే ఉంది, పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం అమ్మి కొన్నది. నాన్న పోయిన దగ్గర్నుంచి ఒకటే మాట, నేనుండగానే మీ ఇద్దరికీ రాసిచ్చేస్తే నా బాధ్యత తీరిపోద్ది అని. అన్నయ్య డాలస్‌లో ఉంటాడు, అమ్మ ఇష్టం అంటాడు అంతే. నేను కూడా సెటిల్‌మెంట్ (బతికుండగానే ఆస్తి రాసిచ్చే దస్తావేజు) రాయించేస్తే తర్వాత ఏ గొడవా ఉండదులే అనుకునే బయల్దేరా.

షాపు మేడ మీద. మెట్లు నిట్టనిలువుగా ఉన్నాయి, పట్టుకోడానికి ఏమీ లేదు, అమ్మ నాలుగు మెట్లెక్కి ఆగిపోయింది. ఆయనే కిందకి దిగొచ్చి పక్కన జిరాక్స్ షాపు ముందు కుర్చీలేయించి కూర్చున్నారు. పాత దస్తావేజు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపించే సర్టిఫికెట్) చూసి ముందు అడిగింది ఏంటంటే, "అమ్మా, మందులకి నెలకి ఎంతవుద్ది?" అని. అమ్మ నాలుగు వేలంది. "రేపు మీరు మంచాన పడితే చూసే మనిషికి జీతం ఎవరిస్తారు?" పిల్లలున్నారు కదా బాబూ అంది అమ్మ. "ఉన్నారమ్మా, మంచి పిల్లలే. అయినా మీ ఖర్చుకి మీ దగ్గర డబ్బుంటే వాళ్ళకీ తేలికే కదా" అని పాత క్యాలెండర్ కాగితం తిరగేసి ఎడమ పక్క వచ్చేది, కుడి పక్క పోయేది రాయించారు.

ఆ కుడి పక్క చూస్తుంటే నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆవిడ ఇల్లు ముందే పిల్లల పేరు మీద పెట్టేసింది. పక్షవాతం వచ్చాక రాత్రీ పగలూ ఉండే అటెండెంట్‌కి నెలకి 28 వేలు, డైపర్లు, ఫిజియోథెరపీ అన్నీ వేరే, ముగ్గురు పిల్లలూ ఎవరెంత పెట్టారో ఆవిడ మంచం పక్కనే నిలబడి లెక్కలేసుకునేవాళ్ళు. ఆవిడకి మాట పడిపోయింది గానీ అన్నీ వినపడేవి. ఇది నేను ఇప్పటికీ మర్చిపోలేను. చాలామంది ఇన్సూరెన్స్ ఉందిగా అంటారు, మామూలు పాలసీలు హాస్పిటల్లో అడ్మిట్ అయితే పనికొస్తాయి గానీ ఇంట్లో మనిషిని పెట్టుకుంటే ఆ జీతం ఇవ్వవు. 70 దాటిన వాళ్ళకి ఆయుష్మాన్ కార్డు మీద ఏడాదికి 5 లక్షల దాకా ఉంది, 2024 అక్టోబర్ నుంచి ఇస్తున్నారు, కచ్చితంగా తీసుకోండి, కానీ అదీ హాస్పిటల్ వరకే.

తర్వాత ఆయన వివరంగా చెప్పింది ఇదీ. సెటిల్‌మెంట్ రిజిస్టర్ అయిన రోజునుంచే ఇల్లు పిల్లలది. జీవితాంతం ఉండే హక్కు అట్టే పెట్టుకున్నా మనంతట మనం అమ్ముకోలేం, బ్యాంకులో పెట్టుకోలేం. 60 దాటినవాళ్ళకి ఉంటున్న ఇంటి మీద నెలనెలా డబ్బిచ్చే రివర్స్ మార్ట్‌గేజ్ లోన్ కావాలన్నా ఇల్లు మన పేరున ఉండాల్సిందే. అదే వీలునామా అయితే మనం పోయాకే అమల్లోకొస్తుంది, మనసు మారితే ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, ఆఖర్న రాసిందే చెల్లుద్ది. ఒకవేళ ఇప్పుడే ఇచ్చేస్తామని పట్టుబడితే మాత్రం పోషణ, వైద్యం చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించుకోమన్నారు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ప్రకారం ఆ షరతు తప్పితే ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌లో ఆ దస్తావేజు రద్దు చేయించుకోవచ్చట. 2025 జనవరిలో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్‌లో ఒక తల్లికి ఇలాగే ఆస్తి వెనక్కి ఇప్పించింది, అక్కడ కొడుకు చూసుకుంటానని విడిగా కాగితం రాసిచ్చాడు. కానీ ఆ వయసులో ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారు చెప్పండి.

నాకు బాగా నచ్చింది ఏంటంటే సెటిల్‌మెంట్ రాస్తే ఆయనకి ఫీజు ఎక్కువొచ్చేది. వీలునామాకి స్టాంపు పేపర్ కూడా అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. మా దగ్గర 3 వేలు తీసుకున్నారు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదుగానీ చేయిస్తేనే మంచిదన్నారు. ఇద్దరు సాక్షులు కావాలి, అమ్మ కన్నా చిన్నవాళ్ళని తెమ్మన్నారు, రేపు కోర్టులో అవసరమైతే వచ్చి చెప్పడానికి ఉండాలి కదా. ఆస్తి వచ్చేవాళ్ళు సాక్షులుగా వద్దన్నారు. అదే రోజు డాక్టర్ దగ్గర అమ్మకి మతి స్థిమితంగా ఉందని సర్టిఫికెట్ తీసుకున్నాం. బ్యాంకు డిపాజిట్లూ వీలునామాలో ఎక్కించాం, నామినీని పెట్టాం కదా చాలనుకునేదాన్ని, నామినీ చేతికి డబ్బిస్తారంతే, హక్కు వారసులదేనట.

రిజిస్ట్రార్ ఆఫీసులో అమ్మ వేలిముద్ర పడలేదు. యాభై ఏళ్ళు అంట్లు తోమి, చింతపండు పిసికి బొటనవేలు నున్నగా అయిపోయింది. ఈయన దగ్గర కుర్రాడు తడిగుడ్డతో తుడవడం, ఆరనివ్వడం, మళ్ళీ పెట్టించడం, ఐదోసారికి పడింది. ఆ పిల్లాడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. కదల్లేని వాళ్ళైతే ప్రైవేట్ అటెండెన్స్‌కి అప్లై చేస్తే రిజిస్ట్రారే ఇంటికొస్తారు, దానికి ఫీజు విడిగా ఉంటుంది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే మొదటి డ్రాఫ్ట్‌లో పాత డోర్ నంబరు వేశారు, తూర్పు హద్దు కూడా తప్పు. నేను దస్తావేజు పక్కన పెట్టుకుని లైను లైను చదివాను కాబట్టి దొరికింది. సరిచేసిచ్చారు గానీ ఒకరోజు పోయింది. రసీదు ఇవ్వరు, ఆ మెట్లు సరేసరి.

ఆ వారమే అమ్మ డబ్బు 15 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో వేశాం. 8.2 శాతం, మూడు నెలలకి 30,750 వస్తుంది. ఒక్కరు 30 లక్షల దాకా వేసుకోవచ్చు, ఐదేళ్ళు, మధ్యలో తీస్తే కోత పడుద్ది కాబట్టి అవసరానికి కొంత బయట ఉంచుకోండి. నాన్న ఫ్యామిలీ పెన్షన్ ఎలాగూ ఉంది. అన్నయ్యకి ఫోన్లో అంతా చదివి వినిపిస్తే "హమ్మయ్య" అన్నాడు, ఇల్లు తీసుకోవాలంటే వాడికీ ఇబ్బందిగానే ఉందంట, చెప్పలేకపోయాడు.

రెండేళ్ళుగా వంటింట్లో కుళాయి కారుతోంది, ఎలాగూ ఇచ్చేసే ఇల్లే కదా అని అమ్మ బాగు చేయించుకోలేదు. మొన్న ప్లంబర్‌ని తనే పిలిపించుకుని బాత్రూంలో పట్టుకోడానికి రాడ్ కూడా వేయించుకుంది.

ఈయన దగ్గరికి వెళ్ళేవాళ్ళు పొద్దున పదిన్నరకల్లా వెళ్ళండి, మధ్యాహ్నం దాటితే ఖాళీ దొరకదు. ఒరిజినల్ దస్తావేజు, ఆధార్, కొత్త ఇంటిపన్ను రసీదు తీసుకెళ్ళండి, డోర్ నంబరు దాన్ని చూసే వేయించండి. పెద్దవాళ్ళుంటే కిందనుంచే ఫోన్ చేయండి, ఆయనే దిగొస్తారు.