ఏది పెడల్‌ది, ఏది వేలిది: జూమ్ జి1ఎక్స్ ఫోర్ ప్రాసెసర్ సమీక్ష

అమలాపురం, రాజమండ్రి, భీమవరం వైపు ఆర్కెస్ట్రాల్లోనూ చర్చి బ్యాండ్లలోనూ గిటారిస్టు కాళ్ళ దగ్గర విడి పెడళ్ళ (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టెల) వరస కనిపించడం అరుదు. ఒక ప్రాసెసర్ (చాలా పెడళ్ళ పని ఒక్కటే చేసే పెట్టె), ఒక అడాప్టర్, ఒక కేబుల్, అంతే. జూమ్ జి1ఎక్స్ ఫోర్ ఆ కోవలోదే. ఇందులో 70 దాకా ఎఫెక్టులు, 13 యాంప్ మోడళ్ళు (గిటార్ యాంప్లిఫయర్లకు అనుకరణలు) ఉన్నాయి. ఒక్కో ప్యాచ్‌లో, అంటే దాచుకునే కూర్పులో, 5 ఎఫెక్టులు పెట్టుకోవచ్చు, అలాంటి 50 ప్యాచ్‌లు దాచుకోవచ్చు. పక్కనే కాలితో తొక్కే ఎక్స్‌ప్రెషన్ పెడల్ ఉంటుంది. ఈ సమీక్ష ఒక్క పనిని చూస్తుంది: రికార్డులో విన్న గిటార్ శబ్దం ఏ పెడల్ వల్ల వచ్చిందో, ఏది వాయించే చేతిలో ఉందో తేల్చుకోవడానికి ఇది ఎంత సాయం చేస్తుంది? చాలానే చేస్తుంది. ఒక్క ఫజ్ (శబ్దాన్ని బాగా బొంగురుగా చీల్చే ఎఫెక్టు) దగ్గర మాత్రం దారి తప్పిస్తుంది.

మొదట కంపెనీ ప్యాచ్‌లను పక్కన పెట్టండి. వాటిలో డ్రైవ్ (గరగర), డిలే (నోటు మళ్ళీ వినిపించడం), రివర్బ్ (గది మోత) అన్నీ ఒకేసారి మోగుతుంటాయి కాబట్టి చెవికి ఏదీ విడిగా దొరకదు. అయిదు స్థానాలూ ఖాళీ చేసిన ప్యాచ్ ఒకటి తయారుచేసి దాచుకోండి. ఫోన్‌ని ఆక్స్ ఇన్‌కి (బయటి పాట వినడానికి ఉండే జాక్‌కి) కలిపి, హెడ్‌ఫోన్స్‌లో పాటనీ గిటార్‌నీ పక్కపక్కన వింటూ ఒక్కొక్క ఎఫెక్టే వేసి చూడండి. కంపెనీ ఇచ్చే ఎఫెక్టుల పట్టికలో చాలావాటికి ఏ అసలు పెడల్‌ని అనుకరించారో రాసి ఉంటుంది. ఆ పట్టిక ప్రింటు తీసి దగ్గర పెట్టుకుంటే సగం పని తేలిక.

ఎక్కువమంది తడబడేది కోరస్, ఫ్లాంజర్, ఫేజర్ దగ్గర. మూడూ ఊగుతాయి, కానీ ఊగే తీరు వేరు. ఒక్క స్వరాన్ని పొడుగ్గా పట్టుకుని వినండి. శ్రుతే కాస్త అటూ ఇటూ కదులుతున్నట్టుంటే కోరస్. ఇందులో అసలు శబ్దానికి సుమారు 15 నుంచి 30 మిల్లీసెకన్లు ఆలస్యమైన నకలు కలుస్తుంది. ఆ ఆలస్యం 1 నుంచి 10 మిల్లీసెకన్లకు తగ్గితే ఫ్లాంజర్: లోహపు గొట్టంలోంచి వచ్చినట్టు, జెట్ విమానం పైనుంచి పోతున్నట్టు ఉంటుంది. ఫేజర్‌లో ఆలస్యమైన నకలు ఉండదు, ఫిల్టర్లతో కొన్ని ఫ్రీక్వెన్సీలకు కోత పడుతుంది. అందుకే అది మెత్తగా సుడి తిరుగుతుంది, లోహపు రణగొణ ఉండదు. గిటారిస్టుల్లో ఆండీ సమ్మర్స్ వాడినది ఎలక్ట్రిక్ మిస్ట్రెస్ అనే ఫ్లాంజర్, ఎడ్డీ వాన్ హేలెన్‌ది ఫేజ్ 90 అనే ఫేజర్, కర్ట్ కొబేన్‌ది స్మాల్ క్లోన్ అనే కోరస్. ఈ ముగ్గురి రికార్డులూ ఒకదాని వెంట ఒకటి వింటే తేడా చెవిలో స్థిరపడిపోతుంది. శ్రుతి కదలకుండా శబ్దం మాత్రమే పెరిగి తగ్గుతుంటే ట్రెమొలో.

కోరస్ అనుకున్నదల్లా కోరస్ కాదు. ఒకే భాగాన్ని రెండుసార్లు వాయించి కుడి ఎడమలకు చెరొకటి పెట్టే పద్ధతి స్టూడియోల్లో మామూలే. ఒక చెవిది తీసి వినండి, తర్వాత రెండోది. ఏ వైపు విన్నా నిలకడగా ఉండి, కలిపి విన్నప్పుడే వెడల్పుగా అనిపిస్తే అది రెండు టేకులు. ఒక్క వైపైనా ఊగితే కోరస్. ఈ పరీక్ష చేయకుండా కోరస్ డెప్త్ (ఊపు లోతు) పెంచుకుంటూ పోతే గిటార్ శ్రుతి తప్పినట్టు వినిపించడం తప్ప మరేమీ ఒరగదు.

డిలే విషయంలో ఈ పెట్టె నిజంగా బలమైనది, ఎందుకంటే సమయాన్ని మిల్లీసెకన్లలో పెట్టుకోవచ్చు. యూ2 గిటారిస్టు ఎడ్జ్ శబ్దానికి మూలం డాటెడ్ ఎయిత్ డిలే, అంటే బీటులో ముప్పావు వంతు ఆలస్యం. 15 సెకన్లలో పాట బీట్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే బీపీఎం (నిమిషానికి బీట్లు) వస్తుంది. 60,000ని దానితో భాగించి 0.75తో గుణించండి. 120 బీపీఎంకి 375 మిల్లీసెకన్లు, 110కి 409. చేత్తో సమానమైన ఎయిత్ నోట్లు (బీటుకు రెండు) వాయిస్తే డిలే తిరిగొచ్చే ప్రతి నోటూ రెండు నోట్ల నడిమధ్య పడి, ఒక్కరే పరిగెత్తిస్తున్నట్టు వినిపిస్తుంది. రెండు మూడు రిపీట్లు చాలు, కానీ వాటి శబ్దం అసలు నోటుకి దగ్గరగా ఉండాలి. చాలామంది రిపీట్లను సన్నగా పెట్టి, అది రావడం లేదని వేరే డిలే వెతుకుతారు. లోపం డిలేలో ఉండదు, మిక్స్‌లోనో (రిపీట్ల శబ్దం ఎంతో పెట్టే చోట) కుడిచేతి తాళంలోనో ఉంటుంది. ఇక ఏ రకం డిలే అన్నది తోక చెబుతుంది: ప్రతి రిపీటూ మసకబారుతూ పోతే అనలాగ్, చివరిదాకా అంతే స్పష్టంగా ఉంటే డిజిటల్, శ్రుతి కాస్త వణికితే టేప్.

ఓవర్‌డ్రైవ్‌లో (యాంప్‌ని గరగరలాడించే ఎఫెక్టులో) బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్‌ది మంచి పాఠం. ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్ మోడల్‌ని యాంప్ మోడల్‌కి ముందు పెట్టి, డ్రైవ్ బాగా తగ్గించి, లెవెల్ పెంచండి. గరగర పెడల్‌లో కాదు, యాంప్‌లో పుట్టాలి. అయినా ఆ శబ్దం సన్నగానే వస్తుంది. ఆయన 13 గేజి లావు తీగలు వేసి, గిటార్‌ని అర స్వరం దించి, బలంగా కొట్టేవాడు. సన్నని 9 గేజి తీగల మీద ఏ ప్యాచ్ వేసినా ఆ బరువు రాదు.

వేలి పనిని పెడల్ అనుకోవడం ఇంతకంటే పెద్ద పొరపాటు. ఈ గడ్డ మీదే పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక గమకాలన్నీ పలికించాడు. ఆ జారుడు, ఆ కంపితం ఎడమచేతివి. గమకం ఉన్న గిటార్ బిట్ విన్నప్పుడు ముందు వేలు తీగ మీద జారుతోందా, తీగను లాగుతోందా అని వినండి. గిటారిస్టు మార్క్ నాఫ్లర్ పిక్ లేకుండా వేళ్ళతో మీటుతాడు. ఆ మెత్తని టక్కు శబ్దాన్ని కంప్రెసర్‌తో (శబ్దపు హెచ్చుతగ్గులను సమం చేసే ఎఫెక్టుతో) వెతికితే దొరకదు. నోటు మొదట్లో దెబ్బ వినపడకుండా శబ్దం ఉబ్బుతూ వస్తే వాల్యూమ్ స్వెల్. దానికి ఎక్స్‌ప్రెషన్ పెడల్‌ని వాల్యూమ్‌గా పెట్టి, డిలేకి ముందు స్థానంలో ఉంచండి. వెనక ఉంచితే పెడల్ మూసినప్పుడల్లా రిపీట్లు కూడా తెగిపోతాయి.

ఇక ఫజ్. గిటారిస్టు జిమి హెండ్రిక్స్ వాడిన ఫజ్ ఫేస్ అనే పెడల్ 1966లో వచ్చింది. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే అది దాదాపు క్లీన్ (గరగర లేకుండా) అవుతుంది. దాని ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) బాగా తక్కువ కాబట్టి గిటార్ తీగల కింద ఉండే పికప్‌తో నేరుగా ముడిపడి పనిచేస్తుంది. ప్రాసెసర్ ఇన్‌పుట్‌కి ఆ బంధం ఉండదు, వాల్యూమ్ తగ్గిస్తే శబ్దం చిన్నదవుతుందే గానీ అంతగా తేటపడదు. కాబట్టి రికార్డులో క్లీన్‌గా మారిన చోట ఫజ్ ఆపేశారని ఈ పెట్టెను నమ్మి తీర్మానించకండి. ఒకటి మాత్రం దీనికి కలిసొస్తుంది: జెర్మేనియం ట్రాన్సిస్టర్ల అసలు ఫజ్ వేడికి బయాస్ (ట్రాన్సిస్టర్ పనిచేసే స్థాయి) మారిపోతుంది. మే నెలలో మన ఎండలకి అది మధ్యాహ్నం ఒకలా, రాత్రి ఒకలా పలుకుతుంది. మోడల్‌కి ఆ బాధ లేదు.

30 సెకన్ల లూపర్ (వాయించినదాన్ని తిప్పి తిప్పి వినిపించేది), 68 రిథమ్‌లు సాధనకి సరిపోతాయి.

తీర్థాల్లో, పెళ్ళిళ్ళలో మిక్సర్‌కి కలిపేటప్పుడు కేబుల్ చూసుకోండి. దీని అవుట్‌పుట్ స్టీరియో జాక్, హెడ్‌ఫోన్స్‌కీ అదే. స్టీరియో కేబుల్‌తో మిక్సర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌కి (రెండు సిగ్నళ్ళ తేడాను మాత్రమే తీసుకునే ఇన్‌పుట్‌కి) గుచ్చితే కుడి ఎడమలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, గిటార్ మాయమై రివర్బ్ మాత్రమే మిగులుతుంది. ఆపరేటర్ పెట్టె పాడైందంటాడు. మామూలు మోనో గిటార్ కేబుల్ వాడండి. మిక్సర్ దూరమైతే మధ్యలో డీఐ బాక్స్ (సిగ్నల్‌ని పొడుగాటి కేబుల్‌కి తగ్గట్టు మార్చే పెట్టె) పెట్టండి.

జనరేటర్ కరెంటు మీద హమ్మింగ్ వస్తే నాలుగు పెన్సిల్ సెల్లులు వేసి చూడండి. అడాప్టర్ దారి తెగితే చాలాసార్లు హమ్ తగ్గుతుంది. వానాకాలంలో వాడనప్పుడు సెల్లులు తీసేయాలి, లేకపోతే మన చెమ్మకి స్ప్రింగులు పచ్చబడతాయి. అడాప్టర్ 9 వోల్టులు, మధ్య పిన్ నెగటివ్. పక్కనున్న కీబోర్డు అడాప్టర్ ప్లగ్ సరిపోయిందని గుచ్చవద్దు. 12 వోల్టులు, మధ్య పిన్ పాజిటివ్ ఉన్నవి చాలా ఉన్నాయి, పెట్టె కాలిపోవచ్చు.