పడకను బట్టే నడక: వెస్ట్ హైలాండ్ వే మీద ఏడు రోజులు

స్కాట్లండ్‌లోని వెస్ట్ హైలాండ్ వే నడవాలనుకునేవారు రోజుకు ఎన్ని కిలోమీటర్లు నడవగలమన్న లెక్కతో మొదలుపెడతారు. మేమూ అలాగే చేసి దెబ్బతిన్నాం. ఏ రాత్రి ఎక్కడ పడక దొరుకుతుందో ముందు తేల్చుకుని, నడకను దానికి తగ్గట్టు కోసుకోవడమే ఈ దారికి సరైన పద్ధతి.

గ్లాస్గో శివారు నుంచి ఫోర్ట్ విలియమ్ దాకా 154 కిలోమీటర్ల ఈ బాటను 1980లో ప్రారంభించారు. బయలుదేరే ఊరి పేరు స్పెల్లింగ్ చూసి మిల్న్‌గేవీ అని చదువుకుంటాం కానీ అక్కడివారు మల్‌గై అంటారు; గ్లాస్గో నుంచి లోకల్ రైలులో అరగంట కూడా పట్టదు. షడ్భుజిలో తిసిల్ పువ్వు గుర్తున్న కొయ్య స్తంభాలు దారంతా కనిపిస్తాయి కాబట్టి తప్పిపోతామన్న బెంగ అక్కరలేదు.

చిక్కంతా ఉత్తర సగంలో ఉంది. డ్రైమన్, టిండ్రమ్, కిన్‌లోక్‌లెవెన్‌లలో నాలుగైదు రకాల బసలుంటాయి. ఇన్వరోరన్, కింగ్స్‌హౌస్‌ల దగ్గర మాత్రం ఒక్కో హోటలే దిక్కు. ఆ రెండింటి మధ్య రానాక్ మూర్ అనే బీడుభూమి మీదుగా సుమారు 16 కిలోమీటర్లు తలదాచుకునే చోటు ఉండదు. మేము మల్‌గై నుంచి వరుసగా బుక్ చేసుకుంటూ పోయి, కింగ్స్‌హౌస్ దగ్గరికి వచ్చేసరికి గదులు లేవని తెలుసుకున్నాం. చేసేదేమీ లేక టిండ్రమ్‌లో రెండు రాత్రులు తీసుకుని, 30 కిలోమీటర్లు నడిచిన సాయంత్రం బస్సులో వెనక్కి వచ్చి పడుకుని, మర్నాడు అదే బస్సులో వెళ్లి ఆగినచోట నుంచే నడక అందుకున్నాం. కనుక కింగ్స్‌హౌస్ తేదీని ముందు ఖాయం చేసుకుని, అక్కడి నుంచి రెండువైపులా లెక్క కట్టుకోవడం మేలు.

సామాను మోసిపెట్టే వ్యాన్లకు పెట్టిన డబ్బు గురించి మాత్రం చింత లేదు. ఉదయం బస దగ్గర అప్పగించిన పెట్టె సాయంత్రానికి తర్వాతి బసకు చేరుతుంది. ఒకసారి మాది పక్క హోటల్‌లో దిగింది. తప్పు మా చీటీదో వారిదో తేలలేదు. అప్పటినుంచి తడి బట్టలకు మారు జత వీపు సంచిలోనే పెట్టుకున్నాం.

దూరాన్ని చూసి మోసపోయేది మూడో రోజున. రోవర్‌డెనన్ నుంచి ఇన్వరార్నన్‌కు 22 కిలోమీటర్లే అయినా, లోమండ్ సరస్సు ఒడ్డున ఇన్వర్‌స్నెయిడ్ దాటాక బాట బండరాళ్ల మధ్యకు దిగుతుంది. నాచు పట్టిన రాయి మీద ఒక కాలు, చెట్టు వేరును పట్టుకున్న చెయ్యి, రెండో కాలు ఎక్కడ పెట్టాలో వెతుకులాట. గంటకు రెండు కిలోమీటర్లు సాగితే గొప్ప. దానితో పోలిస్తే పేరుకే భయపెట్టే డెవిల్స్ స్టెయిర్‌కేస్, 550 మీటర్ల దగ్గర దారి మొత్తానికీ ఎత్తైన చోటే అయినా, నిదానంగా మలుపులు తిరుగుతూ ఎక్కించేస్తుంది.

డేరా వేసుకునేవారికి స్కాట్లండ్ చట్టం ఉదారమైనదే కానీ, లోమండ్ తూర్పు ఒడ్డున చాలా మేర మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 దాకా ముందుగా అనుమతి తీసుకోవాలి. మేము డేరా ఆలోచన మానుకున్నది నుసుమల వల్ల. మిడ్జ్‌లని పిలిచే ఇవి జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి ఆగిన సాయంత్రాల్లో మబ్బులా కమ్ముకుంటాయి. అందుకే మే నడుమ వెళ్లాం. మే మొదటి వారంలో ఫోర్ట్ విలియమ్‌లో మోటార్‌సైకిల్ పోటీల వల్ల గదులకు గిరాకీ ఎక్కువ.

శాకాహారులకు ఇబ్బంది లేదు, వైవిధ్యమూ లేదు: మధ్యాహ్నం కూరగాయల సూపు, రాత్రి చిప్స్‌తో ఏదో ఒక బర్గర్. నాలుగో రోజు టిండ్రమ్‌లో, మా ఆవిడ పెట్టె అడుగు నుంచి కందిపొడి పొట్లం తీసినప్పుడు, వేడి నీళ్లలో నానబెట్టిన అటుకులే విందు భోజనమయ్యాయి.

తిరుగు ప్రయాణానికి ఫోర్ట్ విలియమ్ నుంచి గ్లాస్గోకు రోజుకు మూడు నాలుగు రైళ్లే ఉంటాయి కనుక సీట్లు ముందే రిజర్వు చేసుకోవాలి. దాదాపు నాలుగు గంటల ప్రయాణం. బ్రిడ్జ్ ఆఫ్ ఆర్కీ అనే ఊరి స్టేషన్ దాటాక రైలు మనం నడిచిన బాట పక్కనుంచే వెళుతుంది; మేము చూసినప్పుడు ఇద్దరు వానకోట్లలో తలలు వంచుకుని, ఉత్తరానికి నడుస్తున్నారు.